పైమోల్‌లో ప్రొటీన్ వెనక మన శేషాచలం ఫోటో పెట్టేదెట్లా? నల్ల డబ్బా పోవట్లా

ఎర్రచందనం_పిల్ల
రెండ్రోజుల్నించీ ఇదే పని, నిద్ర కూడా సరిగా లేదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు నాది. ఎర్రచందనంలో ఉండే ప్టెరోస్టిల్బీన్ అనే కాంపౌండ్‌ని మన ప్యాంక్రియాస్‌లో వచ్చే ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైములోకి డాకింగ్ చేసినా, అంటే ఎట్లా అతుక్కుంటాదో కంప్యూటర్‌లో చూసినా. పీడీబీలో, అంటే ప్రొటీన్ నిర్మాణాల డేటాబేస్‌లో, 1హెచ్ఎన్‌వై అని ఉంటాది చూడండి, అదే ఆ ఎంజైము. రిజల్టు బాగానే వచ్చింది. శుక్రవారం పోస్టర్ పెట్టాల. పోస్టర్‌కి వెనక ఫుల్లుగా శేషాచలం కొండల ఫోటో వేసినా, మా అన్న తలకోన పోయినప్పుడు తీసింది, దాని మీద పైమోల్‌లోంచి (ప్రొటీన్లని 3డీలో చూపించే సాఫ్ట్‌వేర్) తెచ్చిన ప్రొటీన్ బొమ్మ పేస్టు చేస్తే చుట్టూ నల్ల డబ్బా. కొండ మీద ఎవరో టీవీ పెట్టినట్టుంది. పవర్‌పాయింట్‌లో రిమూవ్ బ్యాక్‌గ్రౌండ్ నొక్కితే నల్లదానితో పాటు ప్రొటీన్‌లో సగం హెలిక్సులు (స్ప్రింగులాంటి మెలికలు) కూడా ఎగిరిపోయినాయి. అసలు పైమోల్‌లోనే ఆ నలుపు తీసేసి నా ఫోటో పెట్టుకునేదానికి కుదరదా? తెలిసినోళ్లు బిన్నా చెప్పండి.

పీలేరు_బస్సు
కొండ మీద టీవీ 😂 దర్శనం లైవ్ అనుకోనీలే

రెసిడ్యూ_రాజు
కుదురుతుంది, చానామందికి తెలీదు అంతే. కమాండ్ లైన్‌లో సెట్ బీజీ_ఇమేజ్_ఫైల్‌నేమ్ అని కొట్టి, కామా, ఆ తర్వాత ఫోటో ఉన్న పాత్. విండోసు అయితే పాత్‌లో గీతలు ఇటు వాలినవి కాకుండా అటు వాలినవి, అంటే వెబ్ అడ్రస్‌లో ఉండేవి వాడు, గొడవుండదు. ఫోటో పీఎన్‌జీ అయ్యుండాల. ఫోటో సాగాలా, పలకల్లాగా పరచుకోవాలా అనేది బీజీ_ఇమేజ్_మోడ్ అనే సెట్టింగ్‌లో నంబరు మారిస్తే మారతాది, ఒక్కొక్కటీ పెట్టి చూడు. ఫోటో వద్దు రంగు చాలనుకుంటే బీజీ_కలర్ వైట్. పై నుంచి కిందికి రంగు మారుతూ రావాలంటే సెట్ బీజీ_గ్రేడియెంట్, 1 పెట్టి, పై రంగుకి బీజీ_ఆర్‌జీబీ_టాప్, కింది రంగుకి బీజీ_ఆర్‌జీబీ_బాటమ్.

ఎర్రచందనం_పిల్ల
అన్నా చేసినా. ఏమీ రాలా. నల్లగానే ఉండాది.

కోడ్_కొరుకుడు
మధ్యలో అండర్‌స్కోర్ కొట్టినావా ఖాళీ వదిలినావా? మాకు ఒక జూనియర్ ఉండె, వాడు నోటితో చెప్పింది చెప్పినట్టు టైపు చేసేవోడు, "అండర్‌స్కోర్" అని అక్షరాలా కొట్టినాడు ఒకసారి

ఎర్రచందనం_పిల్ల
అంత అమాయకురాల్ని కాదులే. అండర్‌స్కోరే కొట్టినా. ఫోటో మా అన్న ఫోన్‌లోది, జేపీజీ. రాజన్న పీఎన్‌జీ అన్నాడని పేరు చివర మార్చి పీఎన్‌జీ అని పెట్టినా.

కోడ్_కొరుకుడు
అదీ సంగతి. పేరు మారిస్తే లోపల మారదు తల్లీ. అంబాసిడర్‌కి బెంజి బొమ్మ అతికిస్తే బెంజి అవదు కదా. పెయింట్‌లో ఓపెన్ చేసి సేవ్ యాజ్‌లో పీఎన్‌జీ ఎంచుకో. ఇంకోటి, ఫైలు పేరు తెలుగులో పెట్టినావేమో చూసుకో, ఖాళీలు కూడా లేకుండా చిన్న ఇంగ్లీషు పేరు పెట్టి నేరుగా సీ డ్రైవ్‌లోనో డీ డ్రైవ్‌లోనో ఒక ఫోల్డర్లో పడేయ్. డెస్క్‌టాప్ మీద ఉందనుకుంటాం, అది వన్‌డ్రైవ్ లోపల యాడో ఉంటాది, నేను దీంతోనే ఒక పూటంతా పోగొట్టుకున్నా.

ఎర్రచందనం_పిల్ల
వచ్చిందీఈఈ. ఫైలు పేరు "తలకోన ఫైనల్ ఫైనల్ 2" అని ఉన్నింది, నవ్వొద్దండి. ఇప్పుడు కొండల ముందర ప్రొటీన్ తిరగతాంది, భలే ఉంది. మౌస్‌తో తిప్పితే ప్రొటీన్ మాత్రమే తిరగతాది, కొండ కదలదు. కానీ ఫోటో అడ్డంగా సాగి చెట్లన్నీ లావుగా వచ్చినాయి. ఇంక దీన్ని స్క్రీన్‌షాట్ కొట్టి పోస్టర్‌లో వేస్తే సరిపోతాదా?

అలిపిరి_మెట్లు
సరిపోదు. ఇక్కడే అందరూ తప్పు చేసేది. పైమోల్ విండో మామూలుగా తెరుచుకునేది 640 బై 480 పిక్సెళ్లతో. దాన్ని పోస్టర్ మీద పది అంగుళాల వెడల్పుకి సాగదీస్తే అంగుళానికి 64 చుక్కలు పడతాయి, దగ్గరికొచ్చి చూసినోళ్లకి హెలిక్సు కాదు మెట్ల దారి కనిపిస్తుంది. నేను పదిహేనేళ్లుగా పిల్లల పోస్టర్లు దిద్దుతున్నాను కాబట్టి ఒక మాట చెప్తా, ప్రొటీన్ వెనక ఫోటో పెట్టడమే నాకు నచ్చదు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకోమ్మా. చూసేవాడికి ముందు యాక్టివ్ సైట్, అంటే ఎంజైము పని జరిగే చోటు, కనపడాలి, తలకోన కాదు.

పీలేరు_బస్సు
సార్ వచ్చినారు, అందరూ లేచి నిలబడండి

తోతాపురి
నేను ఒప్పుకోను సార్. జర్నల్ ఫిగరుకి తెల్లదే, అందులో మాట లేదు. పోస్టర్ వేరు, క్లాసులో చూపించేది వేరు. నేను చిత్తూరులో ఇంటర్ పిల్లలకి బాటనీ చెప్తా, తెల్ల కాగితం మీద ప్రొటీన్ చూపిస్తే "ఇది నూడుల్స్ కదా సార్" అన్నారు. వెనక ఆకు లోపలి మైక్రోస్కోపు ఫోటో పెట్టి ముందు రుబిస్కో అనే ఆకు ఎంజైముని తిప్పి చూపిస్తే, ఇది ఆకులో ఉంటుందన్నమాట అని వాళ్లకే తట్టింది. దానికి నేను వాడింది జేమోల్, పైమోల్ లాంటిదే, జావా ఉంటే చాలు పని చేస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్ అని కొట్టి కొటేషన్ల మధ్య ఫైలు పేరు ఇస్తే ఫోటో విండో మొత్తానికి సాగి కూర్చుంటుంది.

అలిపిరి_మెట్లు
క్లాసుకి సరే. నూడుల్స్ మాట మా వాళ్లూ అన్నారు, ఎమ్మెస్సీలో.

రెసిడ్యూ_రాజు
సార్ చెప్పిన పిక్సెళ్ల లెక్క కరెక్టు. నేను చెప్పింది లైవ్‌లో తిప్పి చూపించేదానికి. పోస్టర్‌కి నీకు కావాల్సింది అది కాదు చెల్లీ, నువ్వు ఎట్లాగూ కొండ ఫోటో పోస్టర్ మొత్తానికీ వేసినావు, పైమోల్‌లో మళ్లీ కొండ ఎందుకు, కొండ మీద కొండ. ప్రొటీన్ వెనక ఏమీ లేకుండా, గాజు మీద అతికించినట్టు బయటికి తీసుకో. ఇట్లా:

సెట్ రే_ఓపేక్_బ్యాక్‌గ్రౌండ్, 0
పీఎన్‌జీ పోస్టర్.పీఎన్‌జీ, విడ్త్=3000, డీపీఐ=300, రే=1

పది అంగుళాలకి 300 చొప్పున 3000. రే=1 మర్చిపోవద్దు, వెలుగు నీడలు లెక్కగట్టి బొమ్మని నున్నగా గీసేది అదే, అది లేకుంటే అంచులు రంపం పళ్లలాగా వస్తాయి. ఇవి కొట్టే ముందు బీజీ_ఇమేజ్_ఫైల్‌నేమ్ ఖాళీ చేసేయ్, లేదా పైమోల్ మూసి మళ్లీ తెరువు.

నేనూ_అంతే
కైమెరాఎక్స్ అని ఇట్లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, అది వాడేవాళ్లకి ఇదే పని ఒక్క లైనులో అవుతుంది. సేవ్, ఫైలు పేరు, విడ్త్ 3000 సూపర్‌శాంపుల్ 3 ట్రాన్స్‌పరెంట్‌బ్యాక్‌గ్రౌండ్ ట్రూ. పాత కైమెరాలో అయితే వెనక ఫోటో పెట్టుకునే ఆప్షన్ నేరుగా ఉండేది, సాగదీయాలా, పలకల్లా పరచాలా, మధ్యలో పెట్టాలా అని కూడా అడిగేది. కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లవే రెండూ, పాతదాన్ని వాళ్లు ఇంక పెంచట్లేదు. నా పాత ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇంకా ఉంది, తీయబుద్ధి కాదు.

ఎర్రచందనం_పిల్ల
రాజన్నా కొంప మునిగింది. రే అయినాక చూస్తే ప్రొటీన్ వెనక బూడిద రంగూ తెలుపూ గళ్లు గళ్లుగా వచ్చింది!! ఇప్పుడు ఈ గళ్లు ఎట్లా తీయాల?

పీలేరు_బస్సు
మా తాత లుంగీ అది, ఇచ్చేయ్

కోడ్_కొరుకుడు
😂😂 ఆ గళ్ల లుంగీ అంటేనే వెనక ఏమీ లేదని అర్థం. ఫైలులోకి రాదు, స్క్రీన్ మీద మాత్రమే. తీసుకుపోయి నీ కొండ మీద పెట్టి చూడు.

ఎర్రచందనం_పిల్ల
అబ్బా నిజమే. సూపరుగా వచ్చింది. కానీ ప్రొటీన్‌లో ముందర భాగం బాగుంది, వెనక భాగం మసి పూసినట్టు నల్లగా ఉండాది. బ్యాక్‌గ్రౌండ్ తీసేసినాం కదా, నలుపు ఇంకా యాడ్నుంచి వస్తాంది?

రెసిడ్యూ_రాజు
పొగమంచు. డిసెంబరులో ఘాట్ రోడ్డెక్కేటప్పుడు ముందర బస్సు కనిపిస్తాది, దాని ముందు బస్సు మసగ్గా, ఆ ముందుది అసలు కనపడదు కదా, పైమోల్ కూడా లోతు తెలిసేదానికి అదే చేస్తాది. దూరంగా ఉన్న అణువుల్ని బ్యాక్‌గ్రౌండ్ రంగులోకి కలిపేస్తాది. నీ బ్యాక్‌గ్రౌండ్ రంగు ఇంకా నలుపే, కనపడకుండా ఉందంతే. బీజీ_కలర్ వైట్ కొట్టి మళ్లీ రే చెయ్యి, వెనక భాగం తేలిగ్గా తెల్లబడతాది. అదీ వద్దనుకుంటే సెట్ డెప్త్_క్యూ, 0 దాంతోపాటు సెట్ రే_ట్రేస్_ఫాగ్, 0. అప్పుడు మంచే ఉండదు, కానీ ఏది ముందో ఏది వెనకో తెలీకుండా చపాతీలాగా అయిపోతాది. నేనైతే మంచు ఉంచుకుని తెలుపు పెడతా.

తోతాపురి
దీనికి దగ్గరిదే నా బాధ ఒకటి చెప్పుకోవాలి. యూట్యూబుకి వీడియో చేద్దామని ఒక తెలివైన పని చేసినా. సినిమా వాళ్లు వెనక పచ్చ తెర పెట్టి తర్వాత తీసేస్తారు కదా, అట్లా పైమోల్‌లో బీజీ_కలర్ గ్రీన్ పెట్టి, తిరిగే ప్రొటీన్‌ని రికార్డు చేసి, ఎడిటింగ్‌లో పచ్చదనం తీసేయమన్నా. మొత్తం స్క్రీన్ ఖాళీ. ప్రొటీన్ లేదు. మూడుసార్లు చేసినా మూడుసార్లూ లేదు.

కోడ్_కొరుకుడు
సార్... పైమోల్‌లో మొదట లోడ్ చేసిన దానికి కార్బన్లు పచ్చగానే వస్తాయి కదా

తోతాపురి
అదే తెలిసేసరికి రాత్రి ఒంటిగంట. మా ఆవిడ లేచి "ఎవురితో మాట్లాడతా ఉండావు" అనింది.

కోడ్_కొరుకుడు
వెనక మెజెంటా పెట్టుకోండి, ప్రొటీన్‌కి ఆ రంగు వాడకండి. ఇంకా మేలైన దారి, వీడియోగా కాకుండా ఒక్కొక్క ఫ్రేమునీ పీఎన్‌జీగా తీయండి, వెనక ఏమీ లేకుండానే వస్తాయి, తర్వాత మీ ఆకు ఫోటో మీద పరచి వీడియో చేసుకోవచ్చు. మామూలు ఎంపీ4లో ఈ వెనక ఖాళీ అనేది నిలవదు. వంద ఫ్రేములుంటే పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో పది లైన్ల స్క్రిప్టు చాలు, మన ఫోటో తెరువు, ప్రొటీన్ తెరువు, ఆల్ఫా_కాంపోజిట్, సేవ్, అంతే. రెండూ ఒకే సైజు ఉండాల, ఒకే ఆర్‌జీబీఏ (రంగులతో పాటు వెనక ఖాళీని కూడా దాచుకునే) మోడ్‌లో ఉండాల, లేకుంటే అరుస్తాది.

ఎర్రచందనం_పిల్ల
నా సంగతి వదిలేయకండి అన్నలూ. మా గైడ్ మేడమ్‌కి చూపించినా. "కొండ బాగుంది, నీ లిగాండ్ ఏది?" అనింది, అంటే ఎంజైముకి అతుక్కునే నా ప్టెరోస్టిల్బీన్. నిజంగానే కనపడలా. ఒకచోట ఎర్రచందనం దుంగ క్లోజప్ ఫోటో పెట్టి దాని మీద యాక్టివ్ సైట్ పెట్టినా, ఎర్ర రంగు కాంపౌండ్ కదా అని మ్యాచింగ్‌గా.

అలిపిరి_మెట్లు
రెండు మాటలు. ఒకటి, ప్టెరోస్టిల్బీన్ ఎర్రగా ఉండదు, దాదాపు తెల్లటి పొడి. ఎర్రచందనం చేవకి ఆ ఎరుపు సాంటలిన్ అనే రంగు పదార్థాల వల్ల వస్తుంది, అవి వేరు. వైవాలో ఎర్ర కాంపౌండ్ అన్నావంటే అక్కడే పట్టుకుంటారు. రెండు, నీ ప్టెరోస్టిల్బీన్ ఫార్ములా ఏమిటి? 16 కార్బన్లు, 16 హైడ్రోజన్లు, ఆక్సిజన్లు 3. నీకు హైడ్రోజన్ బంధాలు చూపించాల్సింది ఆ మూడు ఆక్సిజన్ల దగ్గరే. ఈ బొమ్మల్లో ఆక్సిజన్‌కి ఇచ్చే రంగు ఎరుపు, నైట్రోజన్‌కి నీలం. ఎర్ర దుంగ మీద ఎర్ర ఆక్సిజన్ పెడితే ఎవరికి కనపడుతుంది? నీలాకాశం మీద పెట్టినా నైట్రోజన్లకి అదే గతి. అందుకే నేను తెలుపు తెలుపు అని మొత్తుకునేది.

పీలేరు_బస్సు
సార్ పాయింటు. దుంగలు దాచిపెట్టే వాళ్ల కంటే బాగా దాచినావు పాపా

ఎర్రచందనం_పిల్ల
తెలుపంటే ప్రాణం ఉసూరుమంటాది సార్. పోయిన సంవత్సరం హాల్లో నలభై పోస్టర్లు, అన్నీ తెలుపు, ఎవరూ ఆగి చూడలా.

నేనూ_అంతే
మధ్యే మార్గం ఉందిగా. పోస్టర్ మొత్తానికి కొండ ఉంచు, ఫోటోని బాగా లేతగా చెయ్యి, ట్రాన్స్‌పరెన్సీ 75 దాకా పెంచు. యాక్టివ్ సైట్ క్లోజప్ ఒక్కటీ మాత్రం తెల్ల డబ్బాలో పెట్టు. పెద్ద ప్రొటీన్ బొమ్మ కొండ మీదే ఉండనీ. దానికి కార్టూన్, అంటే రిబ్బన్ల బొమ్మ, బూడిద రంగు, లిగాండ్ కార్బన్లు పసుపు. సెట్ రే_ట్రేస్_మోడ్, 1 పెడితే చుట్టూ సన్నటి నల్ల గీత వస్తుంది, అప్పుడు ఏ ఫోటో మీద పెట్టినా బొమ్మ విడిగా తెలుస్తుంది. కలంకారీలో మొదట నల్లగీత గీసి తర్వాత రంగు నింపుతారు చూడు, అట్లా.

రెసిడ్యూ_రాజు
శ్రీకాళహస్తి పెన్ కలంకారీ 👌 ఆ పోలిక భలే కుదిరింది. ఇంకోటి మర్చిపోవద్దు, అమైలేజ్‌లో కాల్షియం ఒకటి, క్లోరైడ్ ఒకటి ఉంటాయి. పైమోల్‌లో రెండూ పచ్చ గోళీలే. నీ వెనక అడవి. రెండిటికీ రంగు మార్చు.

అలిపిరి_మెట్లు
తెల్ల డబ్బాలో క్లోజప్ అంటే ఒప్పుకుంటాను.

పీలేరు_బస్సు
సార్ ఒప్పుకున్నారు!! తారీకు రాసిపెట్టుకోండి

ఎర్రచందనం_పిల్ల
అన్నీ చేసేసినా. రాత్రి ఫ్లెక్సు అంగడాయనకి బొమ్మలు పంపిస్తే పొద్దున శాంపిల్ చూపించినాడు, మళ్లీ నల్ల డబ్బా!! నా దగ్గర ఫైల్లో లేదు, ఆయన దగ్గర ఉంది. ఏడుపొస్తాంది.

ఫ్లెక్సు_రామాపురం
అమ్మా వాట్సాప్‌లో పంపించింటావు. నేను ఈ పనిలోనే ఉండా, రోజుకి పదిమంది ఇట్లనే వస్తారు, లోగో పంపిస్తారు, చుట్టూ నలుపో తెలుపో. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది జేపీజీ చేసేస్తాది, జేపీజీలో వెనక ఖాళీ ఉండదు. అదే వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపు, లేదా మెయిలు, లేదా పెన్‌డ్రైవు తీసుకోని పో. పోస్టర్ అంతా నువ్వే తయారు చేసింటే ఫుల్ సైజు పీడీఎఫ్ ఇచ్చేయ్, విడి బొమ్మలు ఇయ్యబాక, ఆయప్ప కోరెల్‌లో సర్దతా సర్దతా నీ ప్రొటీన్‌ని తలకిందులు చేస్తాడు.

కోడ్_కొరుకుడు
ప్రొటీన్ తలకిందులైనా ఎవరికీ తెలీదు అన్నా, అదొక్క లాభం

ఫ్లెక్సు_రామాపురం
అదీ నిజమే. ఇంకో మాటమ్మా. స్క్రీన్‌లో మెరిసే పచ్చ, మెరిసే నీలం ప్రింటులో అట్ల రావు, మిషన్లో ఉండేది నాలుగు ఇంకులు. చిలకపచ్చ ఇస్తే గోంగూర పచ్చ వస్తాది. మూడడుగులు నాలుగడుగులు పోస్టరైతే ముందు ఒక చిన్న ముక్క కొట్టించుకో, రంగు చూసుకోని తర్వాత మొత్తం కొట్టించు. చానామంది అర్జంటు అర్జంటు అని చూసుకోరు, తర్వాత మా మీదికొస్తారు.

ఎర్రచందనం_పిల్ల
థాంక్సన్నా. డాక్యుమెంటుగా పంపినా, డబ్బా పోయింది. ముక్క కొట్టించుకునేంత టైము లేదు, రేపే శుక్రవారం. దేవుడి మీద భారం.

పీలేరు_బస్సు
ఎదురుగానే ఉండాడు కదా, ఏడు కొండలెక్కి చెప్పుకో

తోతాపురి
మెజెంటా పెట్టినా, వీడియో వచ్చింది. వెనక మామిడి తోట, ముందు రుబిస్కో. లింకు ఈడ పెట్టొచ్చా లేదా, రూల్స్ తెలీదు.

కోడ్_కొరుకుడు
పెట్టండి సార్, మీ ఆవిడకి చూపించినారా ముందు

నేనూ_అంతే
శనివారం అయింది, పిల్ల కనపడదే. ఏమైంది పోస్టరు?

ఎర్రచందనం_పిల్ల
ఇప్పుడే లేచినా. బాగా జరిగింది. మా లైన్లో నాదొక్కటే రంగు పోస్టరు, జనం ఆగినారు. ఇద్దరు తలకోన ఫోటో ఎవరు తీసినారని అడిగినారు, మా అన్న నంబరు ఇచ్చినా. క్లోజప్ తెల్ల డబ్బాలో పెట్టడం మంచిదైంది, హైడ్రోజన్ బంధాలు వేలు పెట్టి చూపించినా, మేడమ్ కూడా మెచ్చుకునింది. సాంటలిన్ సంగతి ఎక్స్‌టర్నల్ సారు అడగకముందే నేనే చెప్పేసినా 🙏 సార్.

కానీ ఒకటి. కాల్షియంకి రంగు మార్చినా, క్లోరైడ్‌ని మర్చిపోయినా. స్క్రీన్ మీద కనపడతానే ఉన్నింది, అందుకని పట్టించుకోలా. ప్రింటులో గోంగూర పచ్చయిపోయి కింద చెట్లలో కలిసిపోయింది. ఎక్స్‌టర్నల్ సారు కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, పోస్టర్‌కి ముక్కు ఆనించినంత దగ్గరగా వచ్చి, అడిగిన మొదటి ప్రశ్న: "ఈ ఎంజైముకి క్లోరైడ్ ఉండాలి కదమ్మా, తీసేసి డాకింగ్ చేసినావా?" ఉండాది సార్ అని వేలు పెట్టి చూపించబోతే నాకే దొరకలా.

రెసిడ్యూ_రాజు
చెప్పినా కదా రెండిటికీ అని!

ఫ్లెక్సు_రామాపురం
ముక్క కొట్టించుకోమని నేను కూడా చెప్పినా

పీలేరు_బస్సు
అడవిలో తప్పిపోయింది పాపం, ఫారెస్టోళ్లకి చెప్పండి